మతిమరుపు సర్టిఫికెట్

తిహువానా,
డిసెంబరు 20

పెద్దమ్మా,

నువ్వు క్షేమంగా ఇల్లు చేరావని ఫెర్మిన్ ఫోను చేసి చెప్పాడు. ఫోనులో నీ చెవికి సగం మాటలే పడతాయి, మిగతా సగం నువ్వే కల్పించుకుని ఊరంతా చెబుతావు కాబట్టి ఎప్పటిలాగే ఉత్తరం రాస్తున్నాను. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి ఇట్సెల్ నీ పక్క తీయనివ్వడం లేదు. ఎనిమిదేళ్లొచ్చినా అమ్మమ్మ వాసన వస్తోందంటూ ఆ దిండు మీదే పడుకుంటోంది.

ఒక చెడ్డ కబురు చెప్పాలి. కంగారు పడకుండా చదువు. సోమవారం పొద్దున్న పనికి వెళుతుంటే అమెరికా సరిహద్దు గేటు దగ్గర నా సెంట్రీ కార్డు తీసేసుకున్నారు. నువ్వు చూశావు కదా, అవతలికి వెళ్లే కార్లు వందలకొద్దీ గంటల తరబడి పడి ఉంటే, ఆ కార్డున్న మేము మాత్రం పక్క లైనులో చిటికెలో దాటిపోతాం. వీళ్లు నమ్మదగినవాళ్లు, వీళ్ల దగ్గర తేకూడనిదేమీ ఉండదు అని ముందే అన్నీ చూసి ఇచ్చే కార్డు అది. అయినా అప్పుడప్పుడు ఒక కారును ఆపి వెతుకుతారు. ఆ రోజు నన్ను ఆపారు. డిక్కీలో పాత దుప్పటి కింద నీ గుడ్డసంచి దొరికింది. దాన్నిండా తెహొకోతెలు.

మనకది రేగుపండంత పసుపు పండు, క్రిస్మస్ ముందు తొమ్మిది పొసాద పండుగ రాత్రుల్లో వేడివేడిగా తాగే పోంచె పానకంలో వేసి మరిగించుకుంటాం. వాళ్లకది పురుగులు మోసుకొచ్చే నిషేధపు సరుకు. పండైనా పంది మాంసమైనా చెప్పకుండా తెస్తే కార్డు పోయినట్టే.

విమానాశ్రయం నుంచి వచ్చాక సామాను దించేటప్పుడు ఆ సంచి డిక్కీలోనే మరిచిపోయి ఉంటావు. ఆఫీసరు అడిగితే నేనూ అదే చెప్పాను. మా పెద్దమ్మ పెద్దావిడ, ఈ మధ్య మరిచిపోతోంది అన్నాను. నీ మీద నాకేమీ కోపం లేదు. వయసు వచ్చాక ఇదంతా మామూలే. నువ్వు మాత్రం మనసులో పెట్టుకోకు.

నీ నోమీ


సాంత రీత,
జనవరి 6, ముగ్గురు రాజుల పండుగ

నోమీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ కోసం బాధపడ్డాను. రెండోసారి నాకు ఒళ్లు మండింది.

ఏమే, నేను మరిచిపోవడమేమిటి? మీ అమ్మ పోయినప్పటి నుంచి నిన్ను పెంచాను. నీకు ఏ పంటికి పురుగు పట్టిందో, ఏ బడి పంతులమ్మ నిన్ను కొడితే నేను వెళ్లి ఆవిడ జుట్టు పట్టుకున్నానో అన్నీ చెప్పమంటావా? తెచ్చిన సంచులన్నీ నీ వంటింటి బల్ల మీద బోర్లించాను. కిందికి దొర్లినవి ఇట్సెల్ ఏరింది. ఖాళీ సంచులు మడిచి ఫ్రిజ్ మీద పెట్టాను. పిండిబస్తా గుడ్డతో నా చేత్తో కుట్టుకున్న సంచులు, ఎక్కడ పెట్టానో నాకు తెలియదా? అది డిక్కీలోకి ఎలా వచ్చిందో మీ ఇరుగుపొరుగును అడుగు. ఆ కింది వాటాలో మీసాలాయన రెండు గ్లాసుల పోంచె తాగి మూడోదానికి చెయ్యి చాచాడు. అలాంటివాళ్లు ఏమైనా చేస్తారు.

నీ కార్డు పోయినందుకు మాత్రం కడుపు తరుక్కుపోతోంది. అది సంపాదించడానికి ఎంత తిరిగావో నాకు తెలుసు.

ఇవాళ పండుగ రొట్టె కోస్తూ నీ సంగతి ఇంట్లో చెప్పాను. ఫెర్మిన్ నోటినిండా రొట్టె కుక్కుకుని, మరిచిపోయి ఉంటావులే అమ్మా, ఈ వయసులో నీకు తోటా వంటా ఎందుకు అన్నాడు. కన్నకొడుకే అయినా వాడి ఎత్తు నాకు తెలుసు. తెహొకోతె చెట్లు కొట్టించి ఆ నేలను గోదాములవాళ్లకు అద్దెకివ్వాలని రెండేళ్లుగా నా చెవిలో జోరీగలా తిరుగుతున్నాడు.

"నా పళ్లు పోయాయి గాని మతి పోలేదురా" అన్నాను. కోడలు ఎవులాలియా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

పొసాదల రాత్రులన్నీ ఊరి పోంచె గుండిగ నేనే కాచాను. దాల్చినచెక్క ఎంత వెయ్యాలో, చెరుకు ముక్కలు ఎప్పుడు వెయ్యాలో ఎవరినీ అడగలేదు. ఆ ఆఫీసరుకు నువ్వు ఆ మాట కూడా చెప్పి ఉండాల్సింది.

పెద్దమ్మ ఒబ్దూలియా


తిహువానా,
జనవరి 30

పెద్దమ్మా,

నీకు కోపం వస్తుందని తెలిసే రాశాను. ఇప్పుడు ఇంకా వస్తుంది. అయినా రాయక తప్పదు.

కార్డు లేకపోతే నా బతుకు ఎలా ఉందో చెబుతాను. సరిహద్దు అవతల చూలా విస్తాలో నేను వండే వృద్ధాశ్రమంలో పొద్దుటి ఫలహారం ఏడింటికల్లా బల్ల మీద ఉండాలి. అంటే కోడి కూయక ముందే పెద్ద లైనులో కారు పెట్టుకుని కూర్చోవాలి. ఇట్సెల్‌ను నిద్రలోనే ఎత్తుకుని కింది వాటాలో దించి వెళుతున్నాను. నువ్వు తిట్టిన మీసాలాయన భార్యే దానికి జడ వేసి బడికి పంపుతోంది. మొన్న అది, అమ్మా, నేను మళ్లీ మన ఇంట్లో ఎప్పుడు నిద్ర లేస్తాను అని అడిగింది. పనికి ఆలస్యమైందని మేనేజరు ఇప్పటికే మందలించింది. ఇంకోసారి అయితే వేరే మనిషిని చూసుకుంటానంది.

అందుకే మళ్లీ కార్డుకు దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకి కాగితాలు సర్దిపెట్టే ఏజెంటు ఒకాయన ఉన్నాడు, డోన్ మెలిటోన్. పాస్‌పోర్టు, పని అనుమతి, జీతం చీటీలు, కారు నాదేనన్న పత్రం, ఇన్సూరెన్సు, పోలీసులిచ్చే మంచి నడవడి కాగితం, అన్నీ రంగు రంగు అట్టల్లో పెట్టిస్తున్నాడు. కరెంటు బిల్లు ఎప్పుడో చచ్చిపోయిన ఇంటి యజమాని పేరు మీదే వస్తోంది. నేను ఈ ఇంట్లోనే ఉంటున్నానని రాయించడానికి ఆయన కూతురి కోసం ఊరంతా తిరుగుతున్నాను. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ సంచి ఒక ఎత్తు అంటాడు డోన్ మెలిటోన్. తెలిసి తెచ్చిన మనిషికి జన్మలో కార్డు రాదట. తెలియక జరిగిందని నమ్మకం కలిగితే ఆలోచిస్తారట. కాబట్టి నువ్వొక కాగితం మీద సంతకం పెట్టి పంపాలి. సంచి నేనే మరిచిపోయాను, మా నోమీకి ఏమీ తెలియదు అని.

ఒక్కసారి సరిగా గుర్తు తెచ్చుకో పెద్దమ్మా. వచ్చిన రోజు భోజనాలయ్యాక చలేస్తోందని శాలువ కోసం కారు దగ్గరికి వెళ్లావు. అప్పుడు నీ చేతిలో ఒక సంచి ఉంది. నేను కిటికీలోంచి చూశాను. నువ్వు మరిచిపోయావంతే.

నోమీ


సాంత రీత,
ఫిబ్రవరి 19

నోమీ తల్లీ,

జవాబు ఆలస్యమైంది.

శాలువ కోసం వెళ్లిన మాట నిజమే. అది గుర్తుంది. చేతిలో సంచి ఉన్నట్టు గుర్తు లేదు. లేనట్టూ గుర్తు లేదు. ఎంత ఆలోచించినా అక్కడ ఏమీ కనిపించడం లేదు. నువ్వు కిటికీలోంచి చూశానంటున్నావు. నువ్వు పుట్టి బుద్ధెరిగాక నాతో అబద్ధమాడింది లేదు. కాబట్టి ఉండే ఉంటుంది.

అది ఒప్పుకున్న దగ్గర్నుంచి నాకు నా మీదే అనుమానం పట్టుకుంది. కొవ్వొత్తుల పండుగకు మొక్కజొన్న టమాలెల పిండి కలుపుతూ ఉప్పు వేశానో లేదో తెలియక మళ్లీ వేశాను. తిన్నవాళ్లంతా కడవలకొద్దీ నీళ్లు తాగారు. నాలుగేళ్ల కిందట కూడా ఒకసారి ఇలాగే అయింది, అప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఫెర్మిన్ నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

నీ కాగితం పంపుతున్నాను. ఊరి న్యాయాధికారి ఎదుట సంతకం పెట్టాను. ఫెర్మిన్ తనే ట్రక్కులో తీసుకెళ్లాడు. అంత హుషారుగా వాడు నన్నెప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు. నేను మరిచిపోయాను అని రాసి ఉన్న వాక్యం రెండుసార్లు చదివి దాని కింద పేరు రాశాను. న్యాయాధికారి నా చిన్నప్పటి స్నేహితురాలి కొడుకు. ఫర్వాలేదు అత్తా, అందరికీ వచ్చేదే అన్నాడు. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

పసిదాని నిద్ర నా వల్ల పోయింది. నీ ఉద్యోగం మీదికి తెచ్చింది నేను. మొన్న ఉత్తరంలో నీ మీద ఎగిరినందుకు ఏమీ అనుకోకు. ఆ మీసాలాయనకు కూడా నా తరఫున నమస్కారం చెప్పు. ఊరికే నోరు పారేసుకున్నాను.

పెద్దమ్మ


తిహువానా,
మార్చి 14

పెద్దమ్మా,

నీ కాగితం అందింది. డోన్ మెలిటోన్ చదివి బాగానే ఉందన్నాడు. కాకపోతే సొంత మనిషి ఇచ్చిన కాగితం కాబట్టి దానికి అంత విలువ ఇవ్వకపోవచ్చట. నీ మతిమరుపు గురించి డాక్టరు సర్టిఫికెట్ ఒకటి జత చేస్తే ఇక తిరుగుండదట.

అడగడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వు వద్దంటే వద్దు. అయినా అది ఊరికే ఒక కాగితం. ఆఫీసరు చూస్తాడు, అట్టలో పెట్టుకుంటాడు, అంతటితో సరి. దానివల్ల నీకు పోయేదేమీ లేదు. ఇంటర్వ్యూ మే నెలలో.

ఇట్సెల్ నీకొక బొమ్మ వేసింది, ఇందులో పెడుతున్నాను. టోపీ పెట్టుకున్నది నువ్వేనట. ఈసారి ఎక్కువ రాయలేకపోతున్నాను. అలసటగా ఉంది.

నోమీ


సాంత రీత,
ఏప్రిల్ 9

నోమీ తల్లీ,

సర్టిఫికెట్ దీంతో పాటు ఉంది. పోస్టులో పోతుందేమోనని ఎవులాలియా రిజిస్టర్ చేయించింది.

డాక్టరు కుర్రవాడు, మంచివాడే. ముందు మూడు మాటలు చెప్పి గుర్తు పెట్టుకోమన్నాడు. తర్వాత ఏ సంవత్సరం, ఏ నెల అని ఏవేవో అడిగాడు. ఆ ప్రశ్నలు నాకు లెక్కే కాదు. కానీ ఫెర్మిన్ పక్కనే కూర్చుని నా నోటి వంక చూస్తున్నాడు, నాకేమో లోపల ఒకటే దడ. ఆ మూడు మాటలు చెప్పమ్మా అనేసరికి గుర్రం, ఉల్లిపాయ అన్నాను. మూడోది ఎంతకీ రాలేదు. బయటికి వచ్చి ట్రక్కు ఎక్కగానే దీపం అని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లి చెబుతానన్నాను. ఫెర్మిన్, ఇక ఎందుకమ్మా, నోమీకి కావలసింది అదే కదా అన్నాడు. అదీ నిజమే. గుర్తొచ్చి ఉంటే నీ పని చెడేది.

సర్టిఫికెట్‌కు నకలు ఒకటి ఫెర్మిన్ తీయించుకున్నాడు. ఇంట్లో ఉంటే మంచిదట.

ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు తల నీటుగా దువ్వుకో. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు. నువ్వు ఎవరికీ భయపడాల్సిన పని లేదు, తప్పు చేసింది నువ్వు కాదు.

పెద్దమ్మ


తిహువానా,
మే 24

పెద్దమ్మా,

కార్డు వచ్చింది.

నిన్ను సంతోషపెట్టేలా అంతా రాయాలని కూర్చున్నాను. ఆఫీసరు నా కంటే చిన్నదానిలా ఉంది, మర్యాదగానే మాట్లాడింది. అట్టలన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూసింది. కరెంటు బిల్లు దగ్గర నవ్వి, మీ ఊళ్లో చచ్చిపోయినవాళ్లే బిల్లులు కడతారా అంది. నీ కాగితం చదివింది. డాక్టరు సర్టిఫికెట్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. తర్వాత తల ఎత్తి అడిగింది.

"మీ పెద్దమ్మకు ఇప్పుడెలా ఉంది?"

ఇదివరకంత బాగా లేదు అన్నాను. మా నాయనమ్మకూ అంతే, చాలా కష్టం, ఓపిగ్గా చూసుకోండి అంది ఆ అమ్మాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నీ మీద ప్రేమ అనుకుని ఆవిడ కాగితపు రుమాలు అందించింది. వేలిముద్రలు తీసుకుంది, ఫోటో తీసింది, అయిపోయింది.

ఇప్పుడు ఇట్సెల్ మన ఇంట్లోనే నిద్ర లేస్తోంది. నేను దాటుతుంటే గేటు దగ్గరివాళ్లు చెయ్యి ఊపి పంపేస్తున్నారు. అలా ఊపినప్పుడల్లా నాకు ఎటు చూడాలో తెలియడం లేదు.

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఎలా ఉన్నావు? ఇక ఆ సర్టిఫికెట్ సంగతి మరిచిపో. దాన్ని చింపి పొయ్యిలో పడెయ్యమని ఫెర్మిన్‌తో చెప్పు.

నోమీ


సాంత రీత,
జులై 18

నోమీ తల్లీ,

నీ కార్డు సంగతి విని దేవుడి దగ్గర కొవ్వొత్తి వెలిగించాను. నిజానికి ఎవులాలియా వెలిగించింది. అగ్గిపెట్టె ఇప్పుడు కోడలి దగ్గరే ఉంటోంది.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఫెర్మిన్ ఆ నకలు పట్టుకుని నోటరీ దగ్గరికి వెళ్లాడు. మతి నిలకడ లేని మనిషి పేరు మీద భూమి ఉంటే ఎవరైనా మోసం చేస్తారట. అందుకని తోట వ్యవహారం వాడి చేతికి వచ్చేలా రాయించుకున్నాడు. నేను సంతకం పెట్టాను. పెట్టనని ఎలా అనను? నేను మరిచిపోతానని అంతకు ముందే రెండు కాగితాల్లో ఒప్పుకున్నాను కదా. గోదాములవాళ్లు వచ్చి తాళ్లతో నేల కొలుచుకుని వెళ్లారు. చెట్ల మధ్య ఆ తాళ్లు చూసి లోపలికి వచ్చేశాను.

వాళ్లు నా మంచికే చేస్తున్నారు. నన్ను ఒంటరిగా సంతకు పంపరు. పొయ్యి దగ్గరికి రానివ్వరు. వీధిలో ఎదురైనవాళ్లు నాతో నెమ్మదిగా, గట్టిగా మాట్లాడుతున్నారు, చిన్నపిల్లతో మాట్లాడినట్టు. మొదట్లో తిరగబడేదాన్ని. తిరగబడితే, చూశారా, కోపం కూడా ఎక్కువైంది అంటున్నారు. ఇప్పుడు ఊరుకుంటున్నాను.

నాకు విసుగు పుట్టేది ఒక్కటే. రోజంతా చెయ్యడానికి పని ఉండదు.

నువ్వు దిగులు పడకు. ఇట్సెల్ నిద్ర బాగా పోతోంది కదా, అది చాలు.

పెద్దమ్మ


తిహువానా,
ఆగస్టు 11

పెద్దమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. తర్వాత ఫెర్మిన్‌కూ ఎవులాలియాకూ చూపించు.

ఆ సంచి నువ్వు మరిచిపోలేదు. నేనే పెట్టాను.

నువ్వు ఊరికి వెళ్లిపోయిన తర్వాత పెట్టాను. మా వంటగదివాళ్లు పొసాద చేసుకుంటున్నారు. అక్కడ సీసాల్లో దొరికే తెహొకోతెలు నోట్లో పెట్టుకోలేం. నేను తెస్తాను, మా పెద్దమ్మ తోటవి, అలాంటివి మీరు జన్మలో తిని ఉండరు అని గొప్పలకు పోయాను. బుట్టలో మిగిలినవి తీశాను. ఫ్రిజ్ మీద నువ్వు మడిచి పెట్టిన సంచుల్లో పైది తీసి అందులో పోశాను. డిక్కీలో పెట్టి దుప్పటి కప్పాను. తేకూడదని నాకు తెలుసు. అందరూ ఏదో ఒకటి దాటిస్తూనే ఉంటారు, నన్నెందుకు ఆపుతారులే అనుకున్నాను.

ఆఫీసరు సంచి ఎత్తి ఇది ఎవరిది అన్నప్పుడు మా పెద్దమ్మది అన్నాను. సంచి నీదే కదా, ఆ మాట అబద్ధం కాదు. దాని వెనకే మిగతాదంతా వచ్చేసింది. పెద్దావిడ, మరిచిపోతోంది అనేశాను. నోరు జారానని తెలిసినా వెనక్కి తీసుకోలేదు. తర్వాత ఆ మాట నిలబెట్టడానికి ప్రతి కాగితం నీ చేతే రాయించాను. కిటికీలోంచి నేనేమీ చూడలేదు. నువ్వు శాలువ కోసం వెళ్లినప్పుడు నేను గిన్నెలు కడుగుతున్నాను. నువ్వు వెళ్లింది ఒక్క శాలువ కోసమే.

మా ఆశ్రమంలో మతి తప్పినవాళ్లకు రోజూ వండి పెడుతున్నాను. అగ్గిపెట్టె దాచడమంటే ఏమిటో నాకు తెలుసు. నువ్వు వాళ్లలో ఒకదానివి కావు. ఉప్పు ఎవరైనా రెండుసార్లు వేస్తారు. డాక్టరు దగ్గర నువ్వు భయపడ్డావు, భయపెట్టింది నేను. నీకే జబ్బూ లేదు పెద్దమ్మా. నన్ను పెంచిన మనిషిని బతికుండగానే ఒక మూల కూర్చోబెట్టాను. నన్ను తిట్టు. జుట్టు పట్టుకుని కొట్టడానికి వస్తానన్నా టికెట్ పంపిస్తాను.

ఫెర్మిన్, ఇది నీ కోసం. ఆ సర్టిఫికెట్ నా అబద్ధం మీద పుట్టింది. తోట కాగితాలు రద్దు చేయించు. చెట్లు ముట్టుకోకు.

ఇంకొకటి కూడా చెప్పాలి. దాచితే ఇదంతా రాసి లాభం లేదు. కార్డు ఇంకా నా పర్సులోనే ఉంది. తిరిగి ఇచ్చేసి జరిగింది చెబుదామని రెండుసార్లు ఆఫీసు గుమ్మం దాకా వెళ్లాను. చెప్పిన మరుక్షణం కార్డు ఎప్పటికీ పోతుంది. ఇట్సెల్‌ను మళ్లీ నిద్రలో ఎత్తుకుని మెట్లు దిగడం గుర్తొచ్చి తిరిగొచ్చేశాను. ఇవ్వాలనే ఉంది. ఇంకా ఇవ్వలేదు.

నోమీ


సాంత రీత,
సెప్టెంబరు 15

బంగారు తల్లీ,

నీ ఉత్తరం ఫెర్మిన్ చేత చదివించుకున్నాను. కళ్లు బాగానే ఉన్నాయి గాని, ఈ మధ్య చదివింది సరిగా అర్థమైందో లేదో అని నాకు అనుమానం. వింటుంటే ఏడుపు ఆగలేదు. నా తప్పు నీ నెత్తిన వేసుకోవడానికి ఎంత కథ అల్లావే. వంటగది, సీసాలో పండ్లు, గొప్పలకు పోవడం, అన్నీ నిజంలాగే ఉన్నాయి.

ఎవులాలియా మాత్రం, ఇది నిజమేనేమో అత్తయ్యా అంది. అప్పుడు ఫెర్మిన్ ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టి అన్నాడు.

"నిజమే అయితే ఆ కార్డు ఇంకా దాని పర్సులో ఎందుకుంటుందమ్మా? నీ మనసు తేలిక పడాలని రాసింది, పాపం."

నాకూ అదే సబబనిపించింది. నా మీద అబద్ధం చెప్పి, నా తోట పోతోందని తెలిసి కూడా, ఆ కార్డు చూపించి రోజూ దాటిపోయే పిల్లవి కాదు నువ్వు. నిన్ను పెంచింది నేను కదా, ఆ సంగతి నాకు ఏ డాక్టరూ చెప్పనక్కరలేదు.

ఒక్క మాట నీకు చెప్పకుండా ఉండలేను. నీ ఉత్తరం వింటుంటే ఒక్క క్షణం, ఫ్రిజ్ మీద ఆ సంచులు పెడుతున్నట్టు నాకు స్పష్టంగా కనిపించింది. నా చేతులు, ఆ గుడ్డ, నేను వేసిన మడతలు. ఎంత ఆనందమేసిందో చెప్పలేను. లేచి నిలబడ్డాను కూడా. తర్వాత గుర్తొచ్చింది, చేతిలో సంచితో కారు దగ్గరికి వెళుతున్నట్టు కూడా ఈ మధ్య నాకు అంతే స్పష్టంగా కనిపిస్తోంది. నువ్వు ఏది రాస్తే నాకు అదే కనిపిస్తోంది. ఇక దేన్ని నమ్మను? మళ్లీ కూర్చున్నాను.

తెహొకోతెలు ఇప్పుడిప్పుడే పసుపు తిరుగుతున్నాయి. ఈ కాపు కోశాక చెట్లు కొట్టిస్తాడట. ఈ ఏడు ఊరి పోంచె గుండిగ ఎవులాలియాకు అప్పగించారు. పక్కన నాకు కుర్చీ వేస్తారట.

కార్డు జాగ్రత్తగా ఉంచుకో. ఇలాంటి ఉత్తరం మళ్లీ ఎవరికీ రాయకు. ఆ ఆఫీసువాళ్ల చేతిలో పడితే, వాళ్లు నిన్నెరగరు కాబట్టి, నిజమని నమ్మేస్తారు.

నేనే ఎప్పుడైనా మరిచిపోయి నిన్ను అనుమానిస్తానేమోనని భయమేసింది. అందుకని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి వంటింటి తలుపుకు అంటించుకున్నాను. నోమీ తప్పేమీ లేదు అని ఉంది దాని మీద. రోజూ పొద్దున్న లేవగానే చదువుకుంటున్నాను.

నీ పెద్దమ్మ